అమెరికన్ లీగ్ గట్టిదా, నేషనల్ లీగ్ గట్టిదా? దీన్ని కొలిచేది ఎలా?

చీమకుర్తి పీఈటీ:

అందరికీ నమస్కారం. నేను చీమకుర్తి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా ఆడపిల్లలకు ఏడేళ్ళుగా సాఫ్ట్‌బాల్ నేర్పుతున్నాను. ఈ ఏడాది పోటీల్లో ఎనిమిది జట్లను రెండు పూల్‌లుగా విడదీశారు. మా పిల్లలు తమ పూల్‌లో మూడు మ్యాచ్‌లూ గెలిచి, సెమీఫైనల్లో మాత్రం అవతలి పూల్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు చేతిలో ఓడిపోయారు. ఫైనల్ ఆడిన రెండు జట్లూ ఆ పూల్‌వే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా క్యాచర్ గ్లౌజును ఒళ్ళో పెట్టుకుని, దాని తాడు ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ, "సార్, మన పూల్ తేలికదా, లేక ఈ రోజు మనమే బాగా ఆడలేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పటి నుంచి అమెరికా బేస్‌బాల్‌లో ఇదే ప్రశ్నకు ఏం చెబుతారో చదువుతున్నాను. అక్కడి అగ్రశ్రేణి జట్లు రెండు లీగ్‌లుగా ఉన్నాయి. నేషనల్ లీగ్ 1876లో పుట్టింది, అమెరికన్ లీగ్ 1901లో దానికి పోటీగా నిలిచింది. రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లు 1903 నుంచి 2025 వరకు 121 జరిగితే, వాటిలో అమెరికన్ లీగ్ 68, నేషనల్ లీగ్ 53 గెలిచాయి. ఈ లెక్కను బట్టి అమెరికన్ లీగే బలమైనదని పిల్లలకు చెప్పవచ్చా?

కావలి రైతుబిడ్డ:

మాస్టారూ, మీది ఒంగోలు గిత్తల జిల్లా కాబట్టి బండలాగుడు పందెంతోనే మొదలుపెడతాను. ఒక తిరునాళ్ళలో ఒక జత మూడు వేల అడుగులు లాగిందని, మరో ఊరి తిరునాళ్ళలో వేరే జత రెండు వేల ఏడువందల అడుగులే లాగిందని వింటే, మొదటి జతే గట్టిదని మన వైపు రైతు ఎవరూ ఒప్పుకోరు. బండ బరువెంత, ఎన్ని నిమిషాలు ఇచ్చారు, నేల ఎలా ఉంది అని ముందు అడుగుతారు. ఒకసారి మా దగ్గర పందెంలో నేల తడి ఆరక, బండ కింద మట్టి అట్టకట్టి, గిత్తలు మోకాళ్ళ మీదకు వంగిపోవడం నేను గట్టు మీద నిలబడి కళ్ళారా చూశాను. అదే జత ఆ తర్వాత ఎండు నేల మీద సునాయాసంగా లాగేసింది. ఒకే జత రెండు చోట్లా లాగితే తప్ప రెండు ఊళ్ళ కొలతలను పోల్చే దారి లేదు.

బేస్‌బాల్‌లో చిక్కు ఇంకా పెద్దది. అడుగులనైనా టేపుతో కొలుస్తాం, కానీ ఒక లీగ్‌లో ఒక జట్టు గెలుపు అదే లీగ్‌లోని మరో జట్టు ఓటమి అవుతుంది. లీగ్ ఎంత బలమైనదైనా, ఎంత బలహీనమైనదైనా, దాని లోపల ఆడుకున్న మ్యాచ్‌లన్నీ కలిపితే గెలుపులూ ఓటములూ సరిసమానమే. అందువల్ల లోపలి పట్టిక లీగ్ బలం గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. మీ పిల్లల మూడు గెలుపులూ అలాంటివే.

ఇక వరల్డ్ సిరీస్ సంగతి. ఆ 68లో 27 న్యూయార్క్ యాంకీస్ ఒక్కరివే. అది ఒక జట్టు గొప్పతనం, దాన్ని చూసి లీగ్‌లోని తక్కిన జట్లను అంచనా కట్టలేం. పైగా ఏడు మ్యాచ్‌ల సిరీస్ చాలా చిన్న పరీక్ష. 2006నే చూడండి. ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో రెండు లీగ్‌ల జట్ల మధ్య జరిగిన 252 మ్యాచ్‌లలో అమెరికన్ లీగ్ 154 గెలిచింది, నేషనల్ లీగ్ 98 గెలిచింది. రెండూ సమానమైతే చెరి 126 దగ్గర తేలాలి. 28 మ్యాచ్‌ల తేడా అదృష్టం వల్ల రావడం చాలా అరుదు. అయినా ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌ను, సీజన్‌లో 83 మ్యాచ్‌లే గెలిచిన నేషనల్ లీగ్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్, 95 గెలిచిన డెట్రాయిట్ టైగర్స్ మీద 4–1తో ఎగరేసుకుపోయింది. ఐదు మ్యాచ్‌లను నమ్మాలా, 252 మ్యాచ్‌లను నమ్మాలా? నా మటుకు నేను 252నే నమ్ముతాను.

ఇలా రెండు లీగ్‌లూ సీజన్‌లో ఎదురుపడడం 1997లో మొదలైంది. 2004 నుంచి 2017 వరకు పద్నాలుగేళ్ళు వరుసగా అమెరికన్ లీగ్‌దే పైచేయి, 2018లో నేషనల్ లీగ్ దాన్ని ఆపింది. కనుక ఏ లీగ్ గట్టిదని అడిగేటప్పుడు ఏ కాలంలో అన్నది కూడా చేర్చి అడగాలి.

చీమకుర్తి పీఈటీ:

చాలా సంతోషం అన్నగారూ. మరి 1997కు ముందు సంగతి ఎలా తేల్చాలి? రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్ళు ఎదురెదురుగా ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌లను లెక్కలోకి తీసుకోవచ్చా?

నెల్లూరు గణాంకాల అభిమాని:

ఆల్‌స్టార్ ఏడాదికి మామూలుగా ఒక్క మ్యాచ్, అందులో ఒక్కొక్కరు రెండు మూడు ఇన్నింగ్స్ ఆడి పక్కకు తప్పుకుంటారు. అయినా 1963 నుంచి 1982 వరకు జరిగిన ఇరవైలో పంతొమ్మిది నేషనల్ లీగ్ గెలిచిందంటే దాన్ని కొట్టిపారేయలేం, ఎందుకంటే దాని వెనుక గట్టి కారణం ఉంది. 1947లో నేషనల్ లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను ఆడించి వర్ణ నిషేధాన్ని బద్దలుకొట్టింది. అదే ఏడాది అమెరికన్ లీగ్‌లో క్లీవ్‌లాండ్ ల్యారీ డోబీని తీసుకున్నా, ఆ లీగ్‌లోని చాలా జట్లు వెనకాడాయి. బోస్టన్ రెడ్ సాక్స్ అయితే 1959 దాకా ఒక్క నల్లజాతి ఆటగాడినీ ఆడించలేదు. ఈలోగా విల్లీ మేస్, హాంక్ ఆరన్, రాబర్టో క్లెమెంటే వంటివారు నేషనల్ లీగ్‌లో స్థిరపడ్డారు. తలుపు మూసుకున్న లీగ్ తన చేతులారా బలహీనపడింది. మనుషులకు జరిగిన అన్యాయం ముందు ఆట నష్టం చిన్నదే అయినా, ఆ నష్టమూ నిజమే.

కావలి అన్నగారు చెప్పిన "రెండు చోట్లా లాగిన జత" బేస్‌బాల్‌లో లీగ్ మారిన ఆటగాడే. ఫ్రాంక్ రాబిన్సన్ 1965లో సిన్సినాటి తరఫున నేషనల్ లీగ్‌లో .296 సగటుతో 33 హోమ్ రన్‌లు కొట్టాడు. బాల్టిమోర్‌కు మారిన మరుసటి ఏడాదే .316 సగటు, 49 హోమ్ రన్‌లు, 122 ఆర్‌బీఐలతో (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన పరుగులు) అమెరికన్ లీగ్‌లో ట్రిపుల్ క్రౌన్ గెలిచాడు, అంటే ఈ మూడింటిలోనూ లీగ్‌లో అతనే మొదటివాడు. దీన్ని చూస్తే అమెరికన్ లీగ్ తేలికగా కనిపిస్తుంది. ఒక్క మనిషితో తీర్పు చెప్పకూడదు, కానీ అలా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మారిన వందలాది మందిని వయసు, మైదానం సరిచూసుకుంటూ లెక్కగడితే పాత కాలపు తేడా కూడా కొంత బయటపడుతుంది.

ఒక్క జాగ్రత్త అవసరం. పిచర్ (బంతి విసిరేవాడు) జోహాన్ సాంతానా ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు, 2007లో అమెరికన్ లీగ్ జట్టు మిన్నెసోటాలో 3.33. ఇది ఎంత తక్కువైతే అంత మెరుగు. 2008లో నేషనల్ లీగ్ జట్టు న్యూయార్క్ మెట్స్‌కు మారాక 2.53. దీన్ని బట్టి నేషనల్ లీగ్ బలహీనమని వెంటనే అనేయకూడదు. అమెరికన్ లీగ్‌లో 1973 నుంచే పిచర్ బదులు డెజిగ్నేటెడ్ హిటర్ (బ్యాటింగ్ కోసమే ఉండే ఆటగాడు) బ్యాటింగ్ చేస్తుండగా, నేషనల్ లీగ్‌లో అప్పటికీ పిచరే బ్యాట్ పట్టేవాడు, అతన్ని అవుట్ చేయడం తేలిక. ఈ నియమం 2022లో శాశ్వతంగా ఒకటైంది. 2023 నుంచి ప్రతి జట్టూ అవతలి లీగ్‌లోని అన్ని జట్లతో ఆడుతోంది, కాబట్టి ఇప్పుడు చేతికొచ్చే లెక్కలు మునుపటికన్నా నమ్మదగినవి.

ఒంగోలు పాఠకుడు:

జపాన్‌లో కూడా ఇదే కథ నడిచింది. అక్కడ సెంట్రల్ లీగ్‌కు పేరు ఎక్కువ, యోమియురి జెయింట్స్ దానిలోనిదే. కానీ 2005లో లీగ్‌ల మధ్య మ్యాచ్‌లు మొదలయ్యాక పసిఫిక్ లీగ్ చాలా ఏళ్ళు ముందంజలో నిలిచింది. 2013 నుంచి 2020 వరకు రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే జపాన్ సిరీస్‌లు ఎనిమిదింటినీ ఆ లీగ్ జట్లే గెలిచాయి. 2019, 2020లలో పసిఫిక్ లీగ్ జట్టు సాఫ్ట్‌బ్యాంక్, యోమియురి జెయింట్స్‌ను రెండుసార్లూ 4–0తో ఓడించింది. జనాదరణను చూసి బలాన్ని అంచనా కట్టినవాళ్ళు అక్కడ చాలాకాలం పొరబడ్డారు.

చీమకుర్తి పీఈటీ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ చదివాక మా పోటీల కాగితం తీసి చూసుకున్నాను. రెండు పూల్‌ల మధ్య జరిగినవి రెండు సెమీఫైనళ్ళే. ఆ రెండింటితో మా పూల్ తేలికదని అనలేను, కాదని కూడా అనలేను. మా క్యాచర్‌కు రేపు ప్రార్థన అయ్యాక ఇదే చెబుతాను. తక్కిన ఏడు బడుల పీఈటీలతో మాట్లాడి, ఈ పూల్ జట్లు నాలుగూ ఆ పూల్ జట్లు నాలుగింటితో ఒక్కో స్నేహపూర్వక మ్యాచ్ ఆడేలా ఏర్పాటు చేయాలనుకుంటున్నాను. మొత్తం పదహారు మ్యాచ్‌లు. శనివారానికి నాలుగు చొప్పున పెడితే నాలుగు వారాల్లో అయిపోతాయి, మైదానం మా బడిదే ఇస్తాము.