ఫ్రిజ్‌లో మూడు రోజులున్న పచ్చి చికెన్: వాసన రాకపోతే వండొచ్చా?

చిరుజల్లు: ఆదివారం తెచ్చిన చికెన్ ఫ్రీజర్‌లో పెట్టడం మర్చిపోయాం, ఫ్రిజ్ కింది అరలోనే ఉండిపోయింది. ఇవాళ బుధవారం. వాసన లేదు, జిగురు లేదు. వండనా, పారేయనా?

పాతకాపు: ముక్కు ఉన్నది దేనికమ్మా? వేలితో నొక్కితే సొట్ట మళ్లీ పైకి రావాలి, పట్టుకుంటే జారకూడదు. అంతే, వండుకోండి. మా ఇంట్లో మాంసం చూసి తెచ్చేది ఎప్పుడూ నేనే.

సూక్ష్మదర్శిని: పాతకాపు గారూ, ముక్కుకి దొరికేవి కుళ్లబెట్టే బ్యాక్టీరియా మాత్రమే. సూడోమోనాస్ లాంటివి చల్లదనంలోనూ పెరిగి కంపు, జిగురు పుట్టిస్తాయి. రోగం తెచ్చే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ ఉన్నా వాసన రాకపోవచ్చు. పచ్చి చికెన్‌కి 4 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులే గడువు. పారేయండి.

పాతకాపు: ఆ క్రిములు మొదటి రోజు ఉండవా? ఉంటే ఆ రోజూ తినకూడదుగా!

గోధూళి: మా మటన్ గోధుమరంగుకి తిరిగింది. అదీ అంతేనా?

సూక్ష్మదర్శిని: రంగు వేరే సంగతి. మాంసానికి రంగునిచ్చే మయోగ్లోబిన్‌కి గాలి తగిలితే ముందు ఎర్రబడి, తర్వాత గోధుమరంగుకి తిరుగుతుంది. అదొక్కటే చూసి పారేయక్కర్లేదు.

పాతకాపు: రంగు మారింది ఉంచుకోవాలట, ఏ మార్పూ లేనిది పారేయాలట. బాగుంది.

వేపకొమ్మ: ఉప్పు, పసుపు వేసి కడిగితే సరి.

సూక్ష్మదర్శిని: కడిగితే తుంపర్లు సింకంతా పడతాయి, క్రిములు చావవు. చంపేది వేడి. ముక్క లోపల 74 డిగ్రీలు తగలాలి. అన్నిటికీ అదీ చాలదు, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం ఉడికించినా పోదు.

పాతకాపు: అది బయట వెచ్చగా వదిలేస్తే కదా? ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టానంటోంది. అడిగినదానికి చెప్పండి.

సూక్ష్మదర్శిని: చెబుతా. మా మామగారూ ఇలాగే వాసన చూసి "నిక్షేపంగా ఉంది" అన్నారు. మర్నాడు మా పాపకి సెలైన్ ఎక్కించాం. ఆయన ఇప్పటికీ మాంసం వల్ల కాదనే అంటారు.

పాతకాపు: అయ్యో. కానీ మాంసం వల్లేనని పరీక్షలో తేలిందా?

సూక్ష్మదర్శిని: అచ్చం ఆయన మాటే! మీ అందరికీ పిల్లల కడుపు కన్నా మీ ముక్కు పరువే ముఖ్యం.

పాతకాపు: పరువు మాటెత్తారు కాబట్టి చెబుతున్నా. నేను ఏరి తెచ్చింది మా కోడలు నాతో ఒక్క మాట అనకుండా చెత్తబుట్టలో వేస్తుంది. ప్యాకెట్ మీద తేదీ చూస్తుంది గానీ నన్ను అడగదు.

సూక్ష్మదర్శిని: అడిగితే పారేయనిస్తారా?

పాతకాపు: బాగున్నదాన్ని ఎందుకు పారేయనిస్తాను?

సూక్ష్మదర్శిని: అందుకే అడగదు.

గోధూళి: ఇది చికెన్ గొడవ కాదని ఇప్పుడర్థమైంది.

చిరుజల్లు: మీరు తేల్చేలోపు మా అత్తగారు పొయ్యి మీద పెట్టేశారు. ఆ 74 ఎలా చూడాలి? జ్వరం చూసే థర్మామీటర్ పనికొస్తుందా?

సూక్ష్మదర్శిని: పెట్టకండి, అది 42 దగ్గరే ఆగిపోతుంది. వంటకి వాడేది వేరే ఉంటుంది. అది లేకపోతే ఎముక దగ్గర కోసి పచ్చిదనం ఉందేమో చూడండి. పూర్తి భరోసా మాత్రం కాదు.

పాతకాపు: కంటితో చూడొచ్చట! ముక్కే పాపం చేసుకుంది.