వేడెక్కాక ఆగిపోతున్న చైన్ సా: అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

నేను బెంగళూరులో సొంతంగా చెట్ల కొమ్మలు కొట్టే పని చేసుకుంటున్నాను. జయనగర్, బసవనగుడి ప్రాంతాల్లో ఇళ్ల కప్పుల మీదికి వాలిన తురాయి, నిద్రగన్నేరు చెట్లే నాకు ప్రధాన ఆధారం. ఏప్రిల్, మే నెలల గాలివానలకు ముందు, చేతినిండా పని ఉండే ఈ రోజుల్లోనే నా టూ స్ట్రోక్ చైన్ సా (పెట్రోలుతో నడిచే గొలుసు రంపం) మొరాయిస్తోంది.

చల్లగా ఉన్నప్పుడు రెండో లాగుకే స్టార్టవుతుంది కానీ, పావుగంట కోశాక థ్రాటిల్ నొక్కగానే ఆగిపోయి, పూర్తిగా చల్లారేదాకా మళ్లీ అందుకోదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేశాను, ప్లగ్ మార్చాను, ఆయిల్‌ను పెట్రోలులో 1:50 పాళ్లలోనే కలుపుతున్నాను. ఆగిన వెంటనే ట్యాంకు మూత వదులు చేసి చూసినా తేడా లేదు కనుక, గాలి రంధ్రం మూసుకుపోలేదనుకుంటున్నాను. కార్బురేటర్ విప్పితే డయాఫ్రమ్ (ఇంధనాన్ని అందించే పల్చటి రబ్బరు పొర) అట్టలా బిగుసుకుపోయి ఉంది. మూడు నెలల క్రితమే వేసిన కొత్తది అది!

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుందని, రబ్బరు భాగాలకు చేటు చేస్తుందని తెలుసు. అయితే అసలు దోషం ఇంధనానిదేనా, లేక ప్లగ్‌కు స్పార్క్ అందించే ఇగ్నిషన్ కాయిల్ వేడికి పనిచేయడం మానేస్తోందా? ఆగిన క్షణంలో స్పార్క్ చూద్దామంటే, అప్పుడు నేను ముప్పై అడుగుల ఎత్తున తాడుకు వేలాడుతూ ఉంటాను. కింద, నేల మీద దీన్ని నిర్ధారించుకునే పద్ధతి ఏదైనా ఉందా? కలిపిన పెట్రోలును మీరు ఎన్ని రోజులు నిల్వ ఉంచుతారు, సాయంత్రం ట్యాంకు ఖాళీ చేస్తారా?