శుభలేఖ మొత్తం చేతిరాత ఫాంట్‌లో వేయించొచ్చా?

పెళ్లికూతురి అన్న: సింహాచలంలో మా చెల్లి పెళ్లి, రిసెప్షన్ ఎంవీపీ కాలనీలో. కార్డు మొదటినుంచి చివరిదాకా చేతిరాత ఫాంట్లే ఉండాలని చెల్లి పట్టు. తెలుగుకి లక్కిరెడ్డి, ఇంగ్లీషుకి గ్రేట్ వైబ్స్ ఎంచుకుంది. నాన్నగారేమో "చదవలేని కార్డు పంచితే పిలిచినట్టేనా?" అంటున్నారు. ఏం చేయమంటారు?

అల్లిపురం డీటీపీ: పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లకి వాడండి, ముహూర్తానికీ వేదికకీ బంధువుల పేర్లకీ వద్దు. "లక్ష్మి" అని టైప్ చేసి చూడండి. క్ష కింద మ ఒత్తు, నెత్తిన గుడి. ఇరవై మంది బంధువుల పేర్లు పట్టాలని సైజు తగ్గించి వరసలు దగ్గరికి లాగితే, ఆ ఒత్తు కింద వరస గుడిలోకి దిగిపోతుంది. పైగా మీకు గోల్డ్ ఫాయిల్ కావాలంటారు. సన్నగీత దగ్గర ఫాయిల్ తెగుతుంది, చిన్న సున్న లోపల పూడుకుపోతుంది. కస్టమరుకి కంప్యూటర్లో పెద్దదిగా చూపిస్తే ఇదేదీ తెలీదు.

అక్షరప్రియ: నేను ఒప్పుకోనండీ. బాపు గారి చేతిరాతతో వచ్చిన ఫాంట్లలో ఎన్నో శుభలేఖలు మొత్తానికి మొత్తం వేశారు, హాయిగా చదివాం. చిక్కంతా తెలుగుని ఇంగ్లీషు వంపుల్లోకి లాగడంతోనే. 1960ల్లో మాథ్యూ కార్టర్ గీసిన ఇంగ్లీషు ఫాంటు స్నెల్ రౌండ్‌హ్యాండ్‌లో ఒక అక్షరం తోక పక్క అక్షరాన్ని అందుకుంటుంది, అందం అక్కడుంది. మన అక్షరం దేనికది విడిగా నిలబడుతుంది. తలకట్టు ఎగరేసిన తీరు, కొమ్ము తిప్పిన తీరు, మన సొగసు అదీ.

ఇంకోటి. హెర్మన్ జాఫ్ 1998లో తెచ్చిన ఇంగ్లీషు ఫాంటు జాఫినోలో ఒకే అక్షరానికి రకరకాల రూపాలున్నాయి, అందుకే నిజంగా చేత్తో రాసినట్టుంటుంది. నేను చూసిన తెలుగు ఫాంట్లలో పది చోట్ల "రా" వస్తే పదీ ఒకే అచ్చు. మనకి అలాంటి ఫాంటు గీసేవాళ్లు కావాలి. పేర్లకి మాత్రమే అని సరిపెట్టుకుంటే అది ఎప్పటికి వస్తుంది?

అల్లిపురం డీటీపీ: బాపు గారి అక్షరం తేట, ఎంత చిన్నదైనా తెలుస్తుంది. ఆ మాట ఒప్పుకుంటాను. మీరన్న ఫాంటు వచ్చిన రోజు నేనే ముందు కొంటాను. ఈ పెళ్లికి మాత్రం నా మాట అదే.

వాల్తేరు పెద్దమ్మ: బాబూ, ఇంగ్లీషు వైపు కూడా చూసుకో. గ్రేట్ వైబ్స్‌లో ఎంవీపీ అని మూడు పెద్దక్షరాలు వరసగా పెడితే మూడు ముడులే కనిపిస్తాయి. నాలాంటివాళ్లు ఫోన్లో వాట్సాప్ కార్డు చూసి ఆటో ఎక్కుతారు. అడ్రసు మామూలు అక్షరాల్లో ఉండాలి, అంతే.

పెళ్లికూతురి అన్న: పెద్దమ్మగారి మాట చెల్లికి చూపించాను, అడ్రసు వరకు దిగొచ్చింది. బంధువుల పేర్ల దగ్గర ఇంకా పట్టు వదల్లేదు. డీటీపీ గారూ, మ్యాటర్ అనూ టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వనా?

అల్లిపురం డీటీపీ: వద్దు, లక్కిరెడ్డి యూనికోడ్ ఫాంటు, అనూ కోడ్ వేరు. యూనికోడ్‌లోనే పంపమనండి. కార్డు పేజీ కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులన్నీ పొల్లులుగా విడిపోతాయి. ముందు అసలు సైజులో, అసలు కార్డు మీదే ఒక ప్రూఫ్ తీయించి మీ నాన్నగారి చేతికివ్వండి.