అంతా అయిపోయాక జేమ్స్ స్టువర్ట్ స్కాట్లండ్‌లో ఎందుకు దిగాడు?

హన్మకొండ_రూమ్‌మేట్:
పీజీ ఎంట్రన్స్‌కు చదువుతూ జాకోబైట్ తిరుగుబాటు (బ్రిటన్ సింహాసనం స్టువర్ట్ వంశపు జేమ్స్‌కే దక్కాలని ఆయన మద్దతుదారులు చేసింది) దగ్గర ఆగిపోయాను. షెరిఫ్‌మ్యూర్ యుద్ధం 1715 నవంబర్ 13న ఎటూ తేలలేదు, మర్నాడే ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో జాకోబైట్లు లొంగిపోయారు. సింహాసనం నాది అన్న జేమ్స్ మాత్రం డిసెంబర్ 22న పీటర్‌హెడ్‌లో దిగాడు. పెళ్లి అయిపోయాక వచ్చిన పెళ్లికొడుకులా ఇదేంటి? ఇంకో పుస్తకంలో 1716 జనవరి 2 అని ఉంది, అదో టెన్షన్.

కాజీపేట_జంక్షన్:
తేదీలు రెండూ కరెక్టే తమ్మీ. బ్రిటన్ అప్పటికింకా పాత క్యాలెండర్‌లోనే ఉంది, ఫ్రాన్స్ ఎప్పుడో మారింది, తేడా 11 రోజులు. పైగా స్కాట్లండ్‌లో 1600 నుంచే జనవరి 1న కొత్త సంవత్సరం, ఇంగ్లండ్‌లో మాత్రం మార్చి 25న. మనకు ఉగాది లెక్క ఒకటి, ఆఫీసు లెక్క ఒకటి ఉన్నట్టే. ఏది రాసినా ఏ క్యాలెండరో పక్కన రాయి.

ఇక ఆలస్యం సంగతి. జేమ్స్ నమ్ముకున్న ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఆ సెప్టెంబర్‌లోనే చనిపోయాడు, తర్వాత పాలన చేతికొచ్చిన ఓర్లియాన్స్ డ్యూక్‌కు ఇంగ్లండ్‌తో గొడవ ఇష్టం లేదు. ఫ్రాన్స్ రేవు సెయింట్ మాలోలో పడిగాపులు కాసి కాసి చివరికి డన్‌కర్క్ నుంచి చిన్న ఓడలో, వెంట సైన్యమేమీ లేకుండా బయలుదేరాడు. దిగగానే జ్వరం, ఫెటెరెస్సోలో కొన్ని రోజులు మంచమే.

మంథని_వాసి:
జ్వరం తగ్గాక డండీ మీదుగా స్కోన్ చేరాడు. పట్టాభిషేకానికి జనవరి 23 ముహూర్తం పెట్టారు గానీ జరగలేదు. జాకోబైట్లను నడిపిన మార్ ప్రభువు సైన్యంలో చాలామంది అప్పటికే ఇళ్లకు పోయారు, అటు ప్రభుత్వ సైన్యాన్ని నడిపే ఆర్గైల్ డ్యూక్‌కేమో డచ్ సైనికులు వచ్చి చేరారు.

నాకు మింగుడుపడనిది ఊళ్లు తగలబెట్టడం. ఆర్గైల్ సైన్యానికి తలదాచుకునే చోటు దొరకొద్దని ఆఖ్టరార్డర్, క్రీఫ్, మ్యుథిల్ లాంటి ఊళ్లను జేమ్స్ ఆర్డర్ మీదే కాల్చేశారు. అంత మంచులో ఆ జనం ఎటు పోవాలి? పోతూ పోతూ వాళ్లకివ్వమని ఆర్గైల్‌కు డబ్బు, ఉత్తరం వదిలాడు, అంటే తప్పని తెలుసన్నమాట.

జనవరి 31న పెర్త్ ఖాళీ చేసి, గడ్డకట్టిన టే నదిని నడిచే దాటారు. చిన్నప్పుడు మేం ఎండాకాలం గోదావరి ఇసుకలో నడిచి అవతలికి పోయేవాళ్లం, మంచు మీద నడకంటే నాకు ఊహకు కూడా అందదు.

హన్మకొండ_రూమ్‌మేట్:
తర్వాత పట్టుబడ్డాడా అన్నా?

మంథని_వాసి:
లేదు. ఫిబ్రవరి 4న మాంట్రోజ్‌లో మార్‌తో కలిసి గుట్టుగా ఓడెక్కాడు. రాజు వెళ్లిపోయాడని సైన్యానికి అబర్డీన్ చేరాక చెప్పారు.