ల్యాబ్ ఫారంలో సెక్స్, జెండర్ విడివిడిగా అడగాలా?

మాది చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్. సాఫ్ట్‌వేర్‌లో 'సెక్స్' అని ఒకటే గడి, ఎం లేదా ఎఫ్. మొన్న ఒక ట్రాన్స్ మహిళ రక్త పరీక్షకి వచ్చారు. ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని 2014లోనే సుప్రీంకోర్టు అంది కాబట్టి ఆవిడ చెప్పినట్టే ఎఫ్ అని కొట్టాం. చిక్కంతా రిపోర్టు దగ్గరే. హిమోగ్లోబిన్ డెసిలీటరుకి మగవాళ్లలో 13 గ్రాములు, ఆడవాళ్లలో 12 కన్నా తగ్గితే రక్తహీనత అంటాం. ఆ తేడా శరీరాన్ని బట్టి వచ్చేది, అంటే సెక్స్ లెక్క. పైగా ఆవిడ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వాడుతున్నారట, దాంతో హిమోగ్లోబిన్ తగ్గుతుంది. ఇక ఎం అని కొట్టినా తప్పేగా! రెండు గడులు పెట్టి, హార్మోన్ల సంగతి శాంపిల్ తీసేటప్పుడు అడిగితే సరిపోతుందా? కౌంటర్లో పదిమంది ముందు అడగడం నాకిష్టం లేదు. ఇలాంటప్పుడు మీ ల్యాబుల్లో రిపోర్టు మీద నార్మల్ రేంజ్ ఏది ప్రింట్ చేస్తున్నారండీ?