అప్‌డేట్: వెనక వరుస పిల్లలు మాట్లాడుతున్నారు

తొమ్మిదో తరగతిలో వెనక వరుస పిల్లలు నాతో పెదవి విప్పడం లేదని, ఏం చేయాలని అడిగాను కదా. పాఠంతో సంబంధం లేని మాట కలపమన్న సలహా బాగా పనిచేసింది. ఒకమ్మాయి నోటుపుస్తకం చివరి పేజీ నిండా పక్షుల బొమ్మలే. "ఈ రెక్క మడత ఎలా గీశావు?" అన్నాను. తల ఎత్తకుండానే పెన్సిలుతో గీసి చూపించింది. మర్నాడు తనే కొత్త బొమ్మ తెచ్చింది.

ప్రశ్న వేశాక కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపారని ఒకరు గుర్తుచేశారు. ఆగడం అంత తేలిక కాదండీ, నాలుక దురద పెడుతుంది! అయినా వెనక నుంచి చేతులు లేస్తున్నాయి. జోకులు వేయమన్న సలహా మాత్రం నాకు అచ్చిరాలేదు. ఒకబ్బాయి ఇంకా ముభావంగానే ఉన్నాడు. అతన్ని తొందరపెట్టదలచుకోలేదు.