బావిని ‘పునరుద్ధరించాం’ అనవచ్చా?

మా ఊరి మెట్ల బావిలో పూడిక తీయించి, జారిపోయిన రాళ్లు మళ్లీ పేర్చాం. ఇప్పుడు గట్టున శిలాఫలకం పెట్టాలి. ఒక్క మాట దగ్గర ఆగిపోయాం.

పెద్దలు ‘జీర్ణోద్ధరణ’ అంటున్నారు. నాకది గుడికే నప్పుతుందనిపిస్తోంది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ‘చెరువుల పునరుద్ధరణ’ అని చదువుతున్నాం కాబట్టి నేను ‘పునరుద్ధరించు’ వైపే ఉన్నాను. కానీ కరెంటు పోయి వచ్చినా ‘సరఫరా పునరుద్ధరించారు’ అనే రాస్తారు. అక్కడ ఆగినది మళ్లీ సాగింది, అంతే. పాడైనదాన్ని బాగుచేయడానికీ, ఆగినదాన్ని సాగించడానికీ ఒకే క్రియ ఎలా సరిపోతోంది? ఉద్ధరించడమంటే పైకెత్తడం కదా. బురదలోంచి అడుగు మెట్టు బయటపడిన రోజు ఆ అర్థం కళ్లారా చూశాను.

ఇంకొకటి. రాయి చెక్కే ఆయన నమూనాలో ‘పునరుద్దరించబడినది’ అని ద కింద ద వత్తు ఇచ్చారు. ధ వత్తే సరైనదని నా నమ్మకం. ఆ ‘బడినది’ కూడా నచ్చలేదు. ‘ఊరివాళ్లు పునరుద్ధరించారు’ అంటే చాలదా? ‘బాగు చేయించారు’ అంటే మరీ తేలికవుతుందా?

బావుల విషయంలో మీ వైపు ఏ మాట వాడతారో దయచేసి చెప్పండి. చెక్కాక దిద్దలేం, అదే టెన్షన్. సోమవారం పని మొదలవుతుంది.